తడి కట్టెలతో నెగడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కార్తీకంలో స్నేహితులతో మందస దగ్గర తోటలో గుడారం వేసుకుంటారని మీ అమ్మ చెప్పింది. వెళ్లండి, కాని మన శ్రీకాకుళం తీరంలో ఆ రోజుల వాతావరణాన్ని నమ్మకు. తిత్లీ తుఫాను 2018లో అక్టోబరు 11న విరుచుకుపడింది. ఎండగానే ఉంది కదా అని అగ్గిపెట్టె ఒక్కటే జేబులో వేసుకుని బయలుదేరితే రాత్రంతా పొగతోనే సరిపోతుంది.

వానాకాలంలో నెగడు రగలలేదంటే చాలాసార్లు తప్పు కట్టెది కాదు, తొందరది. పుల్ల గీసే ముందే ముప్పావు వంతు పని అయిపోవాలి. నేల మీద పడి ఉన్న కట్టెల జోలికి పోకు, అవి చెమ్మ పీల్చుకుని ఉంటాయి. చెట్టునే ఎండిపోయిన కొమ్మలు, పొదల్లో చిక్కుకుని నేలకు తగలనివి చూడు. విరిస్తే టప్పుమనాలి; వంగిందంటే వదిలెయ్. అలాంటి కొమ్మ వానకు తడిసినా పైపైనే తడుస్తుంది. మణికట్టు లావుది తెచ్చి నిలువునా చీల్చు, లోపల పొడి చెక్క కనిపిస్తుంది. ఆ చెక్కనే కత్తితో అగ్గిపుల్లంత, పెన్సిలంత, బొటనవేలంత పేళ్లుగా చెయ్యి. చాలనిపించాక ఇంకా అంత చెయ్యి. కుర్రాళ్లకు విసుగొచ్చేది ఇక్కడే.

రాజేయడానికి ఇంటి నుంచే ఎండు కొబ్బరి పీచు, నాలుగు కర్పూరం బిళ్లలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టుకో. తోటలో తడిసిన కొబ్బరి డొక్కలు కుప్పలుగా దొరుకుతాయి కాని, అవి నీళ్లు తాగి ఉంటాయి, పొగే తప్ప మంట రాదు. పలాస వైపు జీడిపిక్కల పెంకులు భగ్గున మండుతాయని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మండుతాయి, నిజమే. వాటి నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, పొగ కళ్లు మండిస్తుంది. వద్దు. గన్నేరు కొమ్మలు అసలే వద్దు, దాని పొగా విషమే. పెట్రోలు మాట నా ముందు ఎత్తకు.

తడి నేల మీద నేరుగా మంట పెట్టకుండా, కట్టెలు పక్కపక్కన పేర్చి చిన్న అరుగులా చేసి దానిపై పీచు, సన్న పేళ్లు వదులుగా పెట్టు. గాలి వచ్చే వైపు నుంచి అంటించు, మంట పేళ్లలోకే పోతుంది. చెట్టు కట్టె మండాలంటే సుమారు 300 డిగ్రీల వేడి కావాలి. లోపలి నీరు ఆవిరయ్యేదాకా అది 100 దాటదు. అందుకే లావు కట్టెలను వెంటనే మంట మీద పడేయకు. చుట్టూ సెగ తగిలేలా ఆనించి, ఆరినదాన్ని ఆరినట్టు లోపలికి జరుపు. వాగులో రాళ్లు తెచ్చి చుట్టూ పెట్టకు, లోపలి నీటికి పేలతాయి.

ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్ల బెడద నీకు తెలిసిందే. కట్టెలకు పగలే, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. రిజర్వు అడవి హద్దు దాటి నిప్పు పెడితే నేరం, తోట యజమానిని అడిగి చోటు ఎంచుకోండి. ఎంత చలేసినా నిప్పుల కుంపటి గుడారంలోకి తీసుకెళ్లకు, దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొద్దున బయలుదేరే ముందు నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోయండి. బూడిద మీద అరచేయి ఆనించగలిగితేనే సామాను సర్దండి.

మీ మామయ్య