ఆటకు కథ రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి అందింది. పిల్లల ఫాంటసీ నవల ఒకదాన్ని యాక్షన్ అడ్వెంచర్ వీడియో గేమ్‌గా మలిచే పని నీకు అప్పగించారనీ, నవలలోని ఒక్క అధ్యాయాన్ని కూడా జారవిడవకుండా రాశావనీ, చదివి మొహమాటం లేకుండా చెప్పమనీ అడిగావు. రెండుసార్లు చదివాను. సంభాషణలు చక్కగా ఉన్నాయి. పిల్లలు పిల్లల్లాగే మాట్లాడుతున్నారు. ముసలి మాంత్రికుడి మాటల్లో అతని వయసు వినిపిస్తోంది. ఆ నవల మీద నీకున్న ప్రేమ ప్రతి పుటలోనూ తెలుస్తోంది. అయితే మొదటి 30 పుటలు దాటేదాకా ఆడే పిల్లవాడికి నువ్వు ఏ పనీ ఇవ్వలేదు. వాడు కంట్రోలర్ చేతిలో పట్టుకుని, నీ పాత్రలు మాట్లాడుకుంటుంటే చూస్తూ కూర్చోవలసిందే. నేను రాయదలచుకున్నదంతా ఆ ఒక్క విషయం గురించే.

తెలుగు వాక్యాన్ని ఒకసారి తలచుకో. లేచి, నడిచి, తలుపు తీసి, లోపలికి తొంగిచూసి అంటూ ఎన్ని అసమాపక క్రియలు పేర్చుకుంటూ పోయినా, చివర సమాపక క్రియ పడేదాకా ఆ వాక్యం నిలబడదు. ఆట కోసం రాసే కథలో ఆ చివరి క్రియ రచయిత చేతిలో ఉండదు, ఆడేవాడి బొటనవేలి కింద ఉంటుంది. నవల చదివేవాడు పుటలు తిప్పితే కథ దానంతటదే కంచికి వెళుతుంది. ఆటలోనైతే దాన్ని కంచిదాకా పిల్లవాడే మోసుకుపోవాలి. అందుకని నవలను చేతిలోకి తీసుకున్న రోజునే ఇందులోని నాయకుడు తన చేతులతో ఏం చేస్తాడు, ఆ పనిని వందసార్లు చేసినా అందులో అర్థం మిగులుతుందా అని అడగాలి. సంభాషణల సంగతి ఆ తర్వాత.

ఆ ప్రశ్నకు నవలలో జవాబు దొరకని సందర్భాలూ ఉంటాయి. హ్యారీ పాటర్ తొలి నవల 1997లో వచ్చింది, దాని మీద వీడియో గేమ్ 2001లో వచ్చింది. నవలలోని కుర్రాడికి పదకొండేళ్లు, మంత్రవిద్యాలయంలో మొదటి సంవత్సరం. వాడు ఎక్కువగా వింటాడు, ఆశ్చర్యపోతాడు, నియమాలు మీరి రాత్రివేళ తిరుగుతాడు. స్వయంగా ప్రయోగించే మంత్రాలు మాత్రం బహు తక్కువ. ఆటలోనేమో అడ్డొచ్చిన దిమ్మెను నెట్టాలి, మీదికొచ్చిన ప్రాణిని పడగొట్టాలి. అందుకోసం 'ఫ్లిపెండో' అనే మంత్రాన్ని ఆట తయారుచేసినవాళ్లే కల్పించారు. నవలలో అది ఎక్కడా లేదు. అయినా ఆ లోకపు మంత్రాల పక్కన అది ఎబ్బెట్టుగా లేదు, ఎందుకంటే బడిలో నేర్చుకునే మొదటి పాఠంలాగే ఉంది. నవలలో లేనిదాన్ని చేర్చడం అపచారమేమోనని నువ్వు భయపడ్డావు కదా. చేర్చిన పని ఆ లోకపు తర్కానికి ఒదిగితే అపచారం కాదు.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది 2003లో వచ్చిన 'ది హాబిట్' ఆట గురించి, అంతకన్నా ముఖ్యంగా దానికి మూలమైన నవల గురించి. టోల్కీన్ ఆ నవలను 1937లో ప్రచురించాడు. బిల్బో అనే సుఖజీవిని, పదముగ్గురు మరుగుజ్జులు తమ నిధిని డ్రాగన్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి దొంగగా కుదుర్చుకుంటారు. వీరుడిగా కాదు, దొంగగా. ఆటలో బిల్బో చేతికర్రతో కొడతాడు, రాళ్లు విసురుతాడు, గోతుల మీంచి దూకుతాడు, తర్వాత కత్తి పడతాడు, దారిలో దొరికిన పెట్టెల తాళాలు తీస్తాడు. ఈ తాళాలు తీసే పని నాకు చాలా ఇష్టం. దొంగగా కుదిరినవాడి వేళ్లకు దొంగ పనే ఇచ్చారు. కథకూ చేతికీ నడుమ పొరపొచ్చం లేదు.

అదే ఆటలో నాకు వెలితిగా తోచినది ధైర్యం. దారిపొడవునా మెరిసే రాళ్లలాంటి ధైర్యపు గుర్తులు ఉంటాయి. వాటిని ఏరుకుంటూ పోతే, తగినన్ని చేరాక బిల్బో ఇంకాస్త దెబ్బలు తట్టుకోగలుగుతాడు. లెక్కకు అది పనికొస్తుంది, పిల్లలు ఉత్సాహంగా ఏరుకుంటారు కూడా. కానీ నవలలో ధైర్యం ఎక్కడుందో చూడు. కొండ లోపలి సొరంగంలో బిల్బో ఒక్కడే దిగుతాడు. ముందు ఎర్రటి వెలుగు కనిపిస్తుంది, తర్వాత నిద్రపోతున్న డ్రాగన్ గురక వినిపిస్తుంది. అక్కడ ఆగిపోతాడు. అక్కణ్ణుంచి ముందుకు అడుగు వేయడమే అతడు జీవితంలో చేసిన అతి సాహసమైన పని అని రచయిత స్వయంగా చెబుతాడు. అసలు యుద్ధం ఆ సొరంగంలోనే, ఎదుట శత్రువు కనబడకముందే, ఒంటరిగా జరిగిపోయిందంటాడు. ఏరుకోవడానికి అక్కడ రాళ్లేమీ లేవు.

ఆ ఘట్టాన్ని నాకు అప్పగిస్తే ఒక్క సంభాషణ కూడా రాయను. సంగీతం ఆపేయమంటాను. అంతదాకా పరుగెత్తిన బిల్బోకు అక్కడ నడవడమే కష్టమవుతుంది. ముందుకు తోసే మీటను పిల్లవాడు గట్టిగా పట్టుకుని ఉంచాలి. వదిలితే బిల్బో నిలిచిపోతాడు. గురక దగ్గరవుతున్నకొద్దీ చేతిలోని కంట్రోలర్ సన్నగా అదురుతుంది. వెనక్కు తిరిగి వెళ్లిపోయే దారి తెరిచే ఉంటుంది, వెళ్తే ఎవరూ మందలించరు. అప్పుడు ఆ మీటను పట్టుకుని ఉండడమే ధైర్యం అవుతుంది, అది బిల్బోదీ పిల్లవాడిదీ కూడా. ఇలాంటి చోట రచయిత రాయవలసింది డిజైనర్‌కు, ధ్వని చూసేవాళ్లకు ఇచ్చే సూచన. అది సాహిత్యం కాదని ఎవరైనా అంటే నమ్మకు. ఒక్కో పుటకు నేను సంభాషణ మీద పెట్టిన శ్రమకు రెట్టింపు ఇలాంటి సూచనల మీద పెట్టాను.

అదే నవలలో మరొక చోటు ఉంది. అయిదో అధ్యాయం. బిల్బోకు ఉంగరం దొరికింది, కొండ కింది చీకట్లో బతికే గొల్లమ్ అనే ప్రాణితో పొడుపుకథల పోటీ అయిపోయింది. ఉంగరం తొడుక్కుని కంటికి కనబడకుండా ఉన్న బిల్బో చేతిలో కత్తి ఉంది. బయటికి పోయే దారికి అడ్డంగా గొల్లమ్ కూర్చుని ఉన్నాడు. పొడిచేస్తే పని తీరుతుంది. కానీ చీకట్లో, చలిలో, ఆశలేక బతుకుతున్న ఆ ప్రాణి మీద బిల్బోకు జాలి పుడుతుంది. పొడవకుండా అతని తల మీదుగా దూకేస్తాడు. 7 అడుగుల దూరం, 3 అడుగుల ఎత్తు అని రచయిత కొలిచి మరీ చెబుతాడు. ఈ జాలి 1937 ప్రతిలో లేదు. అందులో గొల్లమ్ ఓడిపోయి, మర్యాదగా దారి చూపించి పంపేస్తాడు. తర్వాత రాస్తున్న పెద్ద కథకు పొసగేలా టోల్కీన్ ఆ అధ్యాయాన్ని తిరగరాయగా, అది 1951 ప్రతిలో అచ్చయింది. మూలాన్ని ముట్టుకోవడానికి జంకుతున్నావు కనుక ఈ సంగతి నీకు గుర్తు చేస్తున్నాను.

ఇప్పుడు ఆ దూకడం గురించి ఆలోచించు. గోతులు దాటడానికి, గట్లు ఎక్కడానికి మొదటి లెవెల్ నుంచీ పిల్లవాడు నొక్కుతున్న బటన్ అదే. వాడి వేలికి ఆ బటన్ ఇంటిగుమ్మంలా అలవాటైపోయింది. కత్తి బటన్ కూడా అంతే. ఈ ఒక్క చోట రెండు బటన్లూ పని చేస్తాయి, ఏది నొక్కాలో ఎవరూ చెప్పరు. వాడు దూకడాన్ని ఎంచుకుంటే, ఇన్నాళ్లూ గొయ్యి దాటిన ఆ వేలే దయ చూపిస్తుంది. నవలలోని అత్యున్నతమైన పని, యాక్షన్ ఆటల్లో అతి మామూలు పని ఒకటే అయిన చోటు ఇది. ఇటువంటి చోటు నీ నవలలోనూ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోకుండా మరో పుట రాయవద్దు.

డ్రాగన్ విషయంలో నీకు కలగబోయే చిక్కు కూడా ఈ నవలలో ఉంది. బిల్బో డ్రాగన్‌ను చంపడు. దానితో మాటలు కలిపి, దాని గర్వాన్ని పొగడ్తలతో ఉబ్బించి, ఎడమ రొమ్ము మీద రక్షణ లేని చోటు ఒకటి ఉందని కనిపెడతాడు. ఆ కబురు ఒక పక్షి ద్వారా బార్డ్ అనే విలుకాడికి చేరుతుంది. బాణం వేసేది అతడు. చివరి మహాయుద్ధంలోనైతే బిల్బో తలకు రాయి తగిలి స్పృహ తప్పి పడిపోతాడు, కళ్లు తెరిచేసరికి యుద్ధం ముగిసిపోయి ఉంటుంది. ఏ నిర్మాతా ఆటను ఇలా ముగించనివ్వడు. బాస్ ఫైట్, అంటే పెద్ద శత్రువుతో ముఖాముఖి పోరు, కావాలంటారు, నీ నవల విషయంలోనూ అంటారు. నువ్వు వాదించవలసిన చోటు అదే. చూడడం కూడా ఒక క్రియే. పొగుడుతూ మాటలు పొడిగిస్తూ, డ్రాగన్ పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా దాని ఒళ్లంతా వెతుకుతూ, అనుమానం రాకముందే ఆ చోటు పట్టుకోవలసిన ఆట కత్తియుద్ధానికన్నా ఉత్కంఠగా ఉంటుంది. ఆడించి చూపించు, వాదనకన్నా అది త్వరగా ఒప్పిస్తుంది.

నీ రాతప్రతిలో అసలు కనిపించనిది చావు. నవలలో నాయిక ఒక్కసారి కూడా చావదు. ఆటలో సాయంత్రానికి ఇరవైసార్లు గోతిలో పడుతుంది. ఆ ఇరవైసార్లూ కథలో భాగమే, ఎందుకంటే పిల్లవాడు వాటిని అనుభవిస్తాడు. పడిన ప్రతిసారీ తోడున్న పాత్ర ఒకే మాట అంటే, ఎంత మంచి మాటైనా మూడోసారికి చేదవుతుంది. ఒక్కో సందర్భానికి పది రకాలుగా రాసి పెట్టుకో. వాటిలో రెండు మూడు చోట్ల ఏ మాటా లేకుండా ఒక నిట్టూర్పు మాత్రం ఉంచు.

తోడు పాత్రల సంగతి వచ్చింది కనుక ఒక పాత ఆట గురించి చెబుతాను. 'ది హాబిట్' నవలనే 1982లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో బీమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఆటగా చేసింది. వాక్యాలు టైపు చేస్తూ ఆడే ఆట అది. దాన్ని రాసినవాళ్లలో ముఖ్యులు ఫిలిప్ మిచెల్, వెరోనికా మెగ్లర్. జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్‌లో 48 కిలోబైట్ల మెమరీలోనే దాన్ని ఇమిడ్చారు, ఆటతో పాటు నవల ప్రతిని కూడా ఇచ్చేవారు. అందులో పాత్రలు నీ ఆజ్ఞ కోసం కాచుకుని ఉండవు, వాటి దారిన అవి తిరుగుతుంటాయి. మరుగుజ్జుల నాయకుడు థోరిన్ ఉన్నట్టుండి కూర్చుని బంగారం గురించి పాట అందుకుంటాడు, అదీ పదేపదే. ఆడినవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. థోరిన్ దురాశ ఎంతదో చెప్పడానికి నవలకు అధ్యాయాలు పట్టాయి; వాళ్లు ఒక్క వాక్యాన్ని మళ్లీ మళ్లీ పలికించి పాత్రను బతికించారు. నీ ప్రతిలోని మాంత్రికుడికి నాలుగు పుటల ఉపన్యాసం ఉంది. దానికి బదులు, నాయిక ఏ పనిలో ఉన్నా అతడు తన ధోరణిలో చేసుకుపోయే ఒక చిన్న పని ఆలోచించు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 1995లో వచ్చిన ఫిలిప్ పుల్‌మన్ నవలలో లైరా అనే అమ్మాయికి తోడుగా పాన్ అనే ప్రాణి ఉంటుంది. పిల్లల తోడు ప్రాణులు నిమిషానికో రూపం మారుస్తాయి, పెద్దయ్యాక ఒకే రూపంలో స్థిరపడతాయి. బాల్యమంటే ఏమిటో ఆ ఒక్క కల్పనలో ఉంది. ఆ నవల మీద 2007లో 'ది గోల్డెన్ కంపాస్' పేరుతో వచ్చిన ఆటలో ఆ రూపాలు ఎక్కడానికొకటి, గాలిలో తేలడానికొకటి అన్నట్టు పనిముట్లయ్యాయి. ఆట తయారుచేసినవాళ్లను తప్పు పట్టను, క్రియ కోసమే వాళ్లు వెతికారు. అయితే ఆ క్రియలో భయం, సిగ్గు, సంతోషం కూడా మిగిలి ఉంటే ఎంత బాగుండేదని దాన్ని తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. నీ నాయిక దీపాన్ని నువ్వు తాళంచెవిలా వాడుతున్న 52వ పుట దగ్గర నాకు అదే గుర్తొచ్చింది.

నా తొలి రోజుల్లో నేనూ ఒక పిల్లల నవలను ఆటగా రాశాను. సెలవులు మొదలయ్యే నాటికి ఆట బయటికి రావాలని గడువు పెట్టారు. నేను ఎంతో ఇష్టపడి రాసిన వీడ్కోలు ఘట్టం పూర్తి కట్‌సీన్‌గా, అంటే ఆడకుండా చూడవలసిన దృశ్యంగా తయారైంది. పరీక్ష కోసం ఆడించినప్పుడు ఒక తొమ్మిదేళ్ల పాప ఆ దృశ్యాన్ని స్కిప్ చేసేసి, తర్వాత లెవెల్‌లో తోడు పాత్ర కోసం మూలమూలా వెతికింది. ఆ పాత్ర వెళ్లిపోయిందని పాపకు తెలియదు. ఆ వెతుకులాట చూశాక నాకు గొంతు పెగల్లేదు, ఎందుకంటే నేను రాయవలసిన వీడ్కోలు అదే. గడువు దాటిపోయింది కనుక మార్చే వీలు లేకపోయింది.

నీకు ఇంకా వ్యవధి ఉందని రాశావు. మొదటి 30 పుటలూ పక్కన పెట్టు, చింపేయకు. నాయిక ఇంట్లోంచి బయటపడే ఘట్టాన్ని సంభాషణ లేకుండా, పిల్లవాడి చేతులు ఏం చేస్తాయో మాత్రమే చెబుతూ రెండు పుటల్లో తిరిగి రాయి. తొమ్మిది, పదేళ్ల పిల్లలు ఎవరైనా ఆడుతుంటే పక్కన కూర్చుని వాళ్ల ముఖాలకన్నా ముందు వేళ్లు చూడు. ఆ రెండు పుటలు నాకు పంపు. 52వ పుటలోని దీపం గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి