చిరంజీవి సౌమ్యకు, జ్ఞాపకశక్తి పరీక్షల విషయమై

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

చంద్రగిరి పక్క పల్లెల్లో 60 దాటినవారికి జ్ఞాపకశక్తి పరీక్షలు చేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుండి సంతోషమూ దిగులూ కలగలిసి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. సద్దు లేని గది చూసుకో. కళ్లద్దాలు తెచ్చుకోమని ముందురోజే చెప్పించు. చెవులు వినిపిస్తున్నాయో లేదో మొదట చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా నీవు ఎంచుకునే పరీక్ష గురించి. 1975లో వచ్చిన ఎం.ఎం.ఎస్.ఇ. అనే 30 మార్కుల ప్రశ్నల పరీక్షనే నేను ఏళ్ల తరబడి వాడాను. 30కి 24 కంటే తక్కువ వస్తే అనుమానించమన్నారు, అలాగే అనుమానించాను. ఒకనాడు పాకాల వైపు నుండి ఒక పెద్దావిడను కొడుకు తీసుకొచ్చాడు. ఆమె బడి ముఖం చూడని మనిషి. 100లో నుండి ఏడేసి తీసివేస్తూ రమ్మంటే మౌనంగా కూర్చుంది, 5 మార్కులు పోయాయి. రాసినది చదవడం, ఒక వాక్యం రాయడం, ఐదు భుజాల బొమ్మలను చూసి గీయడం రాక మరో 3 పోయాయి. మిగిలినవన్నీ సరిగ్గా చెప్పినా వచ్చేది 22 మాత్రమేనని కూడా ఆలోచించకుండా, ‘డిమెన్షియా అనుమానం’ అని, అంటే మతి క్షీణించే జబ్బు ఉండవచ్చని, రాసి సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని చూపి ఇంట్లోవాళ్లు పాల డబ్బు ఆమె చేతికి ఇవ్వడం మానేశారు. ఆరు నెలలకు ఆమె తిరిగి వచ్చి, నాలుగు ఆవుల పాలు, పూటపూటకూ పోసిన లీటర్లు, రావలసిన బాకీ, పది రోజుల లెక్కంతా నోటితోనే అప్పజెప్పి, "సదువు లేకపోతే మతి లేనట్టేనామ్మా?" అని అడిగింది. ఆ లెక్క నేను మొదటి రోజే అడిగి ఉండవలసింది, తల్లీ. ఇంట్లో మునుపు ఏ పనులు చేసేవారు, ఇప్పుడు వాటిలో ఏది తప్పుతున్నారు అన్న ప్రశ్న వేయకుండా ఎవరికీ మార్కులు కూడవద్దు.

2005లో మాంట్రియల్ నుండి వచ్చిన మోకా అనే పరీక్ష మంచిదే. ఎం.ఎం.ఎస్.ఇ.లో 28 తెచ్చుకునే విశ్రాంత ఉపాధ్యాయునిలోని తొలి లోపాన్ని అది పసిగట్టగలదు. అయితే 12 ఏళ్లు, అంతకు తక్కువ చదివినవారికి అది కలిపేది ఒక్క మార్కే. పలక పట్టనివారికి అదేం సరిపోతుంది? మినీ-కాగ్ అనే చిన్న పరీక్ష మూడు నిమిషాల్లో ముగుస్తుంది గాని, అందులోనూ గడియారం గీయాలి. 1995లో వెలువడిన హెచ్.ఎం.ఎస్.ఇ. అనే పరీక్షను హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివారి కోసమే తయారుచేశారు. కాని అది హిందీది, అక్కడికక్కడ తెలుగు చేసి అడగవద్దు. 100 మార్కుల ఎ.సి.ఇ.-3 అనే పరీక్ష అక్షరాలు రానివారికి కూడా తెలుగులో సిద్ధమై ఉంది. సమయం ఎక్కువే పడుతుంది, అయినా అనుమానం కలిగినవారికి తప్పక చేయి.

పరీక్షలో ఇది ఏ జిల్లా అని అడిగితే చంద్రగిరి పెద్దలు చిత్తూరనే అనవచ్చు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న కదా, వెంటనే తప్పు పెట్టేయకు. నెల పేరు ఆషాఢమన్నా, తమిళ లెక్కన ఆడి అన్నా ఒప్పుకో.

వాళ్ల చేతికిచ్చే కాగితం మీద మాత్రం జబ్బు పేరు రాయవద్దు. ‘మరల పరిశీలించాలి’ అని రాసి, విటమిన్ బి12, థైరాయిడ్, మనోవ్యాకులత చూపించుకోమని పంపు. శిబిరానికి ముందు ఒక పూట ఇంటికి వచ్చి నీ ప్రశ్నలన్నీ నాకు చదివి వినిపించు. మన ఊళ్ల పెద్దలు ఏ మాట దగ్గర తడబడతారో చెబుతాను.

పెద్దమ్మ, తిరుపతి