గుడాలు తిన్నాక కడుపుబ్బరమా?

ప్రశ్న: బొబ్బెర గుడాలంటే మా ఇంట్లో అందరికీ ఇష్టమే. తిన్న రాత్రి మాత్రం కడుపుబ్బరం. 8 గంటలు నానబెట్టే ఉడికిస్తున్నాను. పొరపాటు ఎక్కడ?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: నానిన నీళ్లతోనే కుక్కర్ ఎక్కిస్తున్నారేమో చూసుకోండి. బొబ్బర్లలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అరగకుండానే పెద్దపేగు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. ఆ చక్కెరలు నీళ్లలో కరిగేవే కాబట్టి కొంత నానిన నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లే మళ్లీ పోస్తే నానబెట్టి లాభమేముంది?

గ్లాసు బొబ్బర్లకు 4 గ్లాసుల నీళ్లు పోసి, 8 గంటలయ్యాక వంపేసి, రెండుసార్లు కడిగి, కొత్త నీళ్లతో 3 విజిల్స్ రానివ్వండి. ఎండాకాలం మన దగ్గర నానిన నీళ్లు తొందరగా నురగ కట్టి పుల్లబడతాయి. మధ్యలో ఒకసారి మార్చాల్సిందే. నానబెట్టడం మర్చిపోయిన రోజు గింజల్ని 3 నిమిషాలు మసలనిచ్చి, మూతపెట్టి గంట ఉంచి, ఆ నీళ్లు పారబోయండి.

అప్పటికీ ఇబ్బందైతే నానిన గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి ఒక రాత్రి ఉంచండి. మొలకెత్తే గింజ ఆ చక్కెరల్నే తిండిగా వాడుకుంటుంది. మొలక కాస్త ముక్కు చూపగానే ఉడికించండి, పచ్చివి వద్దు. పోపులో ఓమ, ఇంగువ వేసుకోండి, మంచిదే. కానీ నీళ్లు వంపకుండా భారమంతా ఇంగువ మీద వేస్తే అదేం చేస్తుంది పాపం!

ప్రశ్న: మా బోరు నీళ్లలో ఉలవలు ఎంతకీ మెత్తబడవు. తినే సోడా వేయొచ్చా? ఉలవచారుకూ నీళ్లు పారబోయాలా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజను జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని బిగబడతాయి. గింజ పాతదైతే మరీ మొండికేస్తుంది. వీలైతే ఫిల్టర్ నీళ్లలో 12 గంటలు నానబెట్టండి. లీటరుకు చెంచా ఉప్పు కలిపితే పొట్టు మెత్తబడుతుంది. సోడా గ్లాసు ఉలవలకు చిటికెడు దాటొద్దు. ఎక్కువైతే గింజ జిగురౌతుంది, సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. చింతపండు పులుసు ముందే పోస్తే గింజ ఉడకదు, మెత్తబడ్డాకే పోయాలి.

చారు సంగతంటారా, నానిన నీళ్లే పారబోయండి. ఉడికిన కట్టు వంపుకుని చారు కాచుకోండి, రుచంతా అందులోనే ఉంది.

ప్రశ్న: రాజ్మా కాస్త పలుకుగా ఉండగానే తిన్నాం. ఇద్దరికి వాంతులయ్యాయి. ఇదీ గ్యాసేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: గ్యాస్ కాకపోవచ్చు. సరిగా ఉడకని రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం మిగిలిపోతుంది, దానివల్ల తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు వస్తాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వండి. తర్వాత కుక్కర్లో పూర్తిగా మెత్తబడేదాకా ఉంచండి. సన్నని సెగమీద తెర్లకుండా ఉడికిస్తే ఆ విషం పోదు.