మంచం దగ్గర హ్యాండోవర్ గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

వార్డు ఇన్‌ఛార్జి బాధ్యత తీసుకున్నావని, డ్యూటీ మారేటప్పుడు ఇకపై రోగుల మంచాల దగ్గరే హ్యాండోవర్ (వెళ్లే సిస్టర్ వచ్చే సిస్టర్‌కు రోగుల సంగతులు అప్పగించడం) జరిపించాలనుకుంటున్నావని నీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. అయితే మంచం పక్కన నిలబడి కూడా మనలో మనమే మాట్లాడుకుంటే చోటు మారినట్లే గాని పద్ధతి మారినట్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రత కోసం ప్రకటించిన తొమ్మిది పరిష్కారాలలో హ్యాండోవర్ ఒకటి; రోగికీ కుటుంబానికీ అందులో పాత్ర ఉండాలని కూడా ఆ సూచనలలో ఉంది.

ముందుగా, వెళ్లే సిస్టర్ కొత్తగా వచ్చిన సిస్టర్‌ను రోగికి పేరు చెప్పి పరిచయం చేయాలి. తర్వాత ఇద్దరూ కలిసి సెలైన్, కట్టు, యూరిన్ బ్యాగు చూస్తూ, ఇచ్చిన మందులూ రావలసిన రిపోర్టులూ రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పుకోవాలి. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి చేతి నరానికి పెట్టిన సన్నని గొట్టం) బాగానే ఉందని కేస్ షీటులో రాసి ఉండవచ్చు, కానీ ప్లాస్టర్ కింద తెల్లవారుజాము నుంచి మంట పుడుతోందని ఆ చెయ్యి ఎవరిదో వారికే తెలుసు. అది అడిగి తెలుసుకోవాలి. "ఎలా ఉంది?" అంటే మన పెద్దవాళ్లు సిస్టర్‌ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక "బాగానే ఉందమ్మా" అనేస్తారు. "రాత్రి నొప్పితో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? ఇన్సులిన్ వేశాక టిఫిన్ తిన్నారా?" అని అడిగించు. పక్కనున్న కొడుకో కోడలో జవాబు చెబితే విని, మళ్లీ రోగి వైపే తిరగాలి.

జనరల్ వార్డులో పక్క మంచానికి ప్రతి మాటా వినబడుతుంది. సమ్మతి లేకుండా హెచ్.ఐ.వి. సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. అటువంటివీ, డాక్టరు ఇంకా రోగికి చెప్పని క్యాన్సర్ వంటివీ నర్సులు కూర్చునే నర్సింగ్ స్టేషన్‌లోనే రిజిస్టరు చూపించి అప్పగించాలి. నిద్రపోతున్నవారిని ఇందుకోసం లేపనక్కరలేదు.

రోగుల తృప్తి గురించి అడిగావు. నేను చూసినంతలో వారి ఫిర్యాదు ఎక్కువగా "మాకెవరూ ఏమీ చెప్పలేదు" అనేదే. పరగడుపున స్కాన్ చేస్తారని తెలియక టిఫిన్ తిని, పరీక్ష మర్నాటికి వాయిదా పడ్డ మనిషి, జబ్బు నయమైనా మనసులో కష్టంతోనే ఇంటికి వెళతాడు.

ఆలస్యమవుతుందని, బస్సు తప్పిపోతుందని నర్సులు అనే మాట న్యాయమైనదే. కాబట్టి మొదట ఆపరేషన్ అయిన రోగులతో, ఉదయం హ్యాండోవర్‌తో మొదలుపెట్టు. ఎక్కువసేపు మాట్లాడవలసినవారి దగ్గరకు కొత్త సిస్టర్ రౌండ్స్ తర్వాత వెళ్లవచ్చు. "మళ్లీ వస్తాను" అని చెప్పిన ప్రతిసారీ రిజిస్టరులో రాయించు. ఆ షిఫ్టు ముగిసేలోగా ఆ సిస్టర్ వెళ్లిందో లేదో రోగినే అడిగి తెలుసుకో.

ఇట్లు,
నీ పెద్దమ్మ