కాజీపేటలో దిగు, వరంగల్‌లో ఎక్కు

అల్లుడా,

దోస్తులకు ఓరుగల్లు చూపిస్తానన్నావు కదా, ముందు టికెట్ల సంగతి. సికింద్రాబాద్ నుంచి 132 కిలోమీటర్లకు కాజీపేట. అక్కడ పట్టాలు చీలుతాయి. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ లాంటి బల్లార్షా వైపు బండ్లు వరంగల్ స్టేషన్ ముఖం చూడవు. ఢిల్లీ నుంచి చెన్నై పోయేవేమో కాజీపేటను తాకకుండా వరంగల్‌లో ఆగుతాయి. నాగపూర్ నుంచి వచ్చే దోస్తుకు ఈ ముక్క ముందే చెప్పు. లేకుంటే ఒకరినొకరు వెతుక్కోవడంతోనే పొద్దు పోతుంది.

కాజీపేట అంటే బండి మారే జాగా అనుకుంటారు. దిగగానే అఫ్జల్ బియాబానీ దర్గాకు పో, తలకు రుమాలు కట్టుకో. సఫర్ నెలలో ఉర్సు. ఆ రోజుల్లో ఆటో దొరకడం కష్టం. ఓపికుంటే మడికొండ మెట్టుగుట్ట ఎక్కండి. రామలింగేశ్వరుడి గుడి పక్కన, ఎవరో పేర్చినట్టు నిలబడ్డ బండలు చూడాల్సిందే.

హన్మకొండ వెయ్యి స్తంభాల గుడికి మాత్రం పది లోపే చేరాలి. చెప్పులు బయటే విడవాలి, ఎండెక్కితే రాయి కాళ్లను కాలుస్తుంది. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటం, అంటే మూడు గర్భగుళ్ల గుడి ఇది: శివుడు, విష్ణువు, సూర్యుడు. స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, అది పిల్లల పని. నల్లరాతి నంది నునుపు చూడండి, స్తంభాల మీది సన్నని చెక్కడం చూడండి. ఎదుటి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ పేర్చారు, 2024లో తెరిచారు.

భద్రకాళి గుడి మధ్యాహ్నం మూస్తారు, అంతకు ముందే దర్శనం కానివ్వండి. భోజనం చేసి, నీడ చూసుకుని కూర్చోండి.

వరంగల్ కోటకు సాయంత్రం నాలుగు దాటాకే పోవాలి. 1323లో ఢిల్లీ సేనల చేతికి చిక్కిన కోట అది. స్వయంభూ శివాలయం కూలిపోయింది, నాలుగు దిక్కులా కీర్తి తోరణాలు మిగిలాయి. ఒక్క తోరణం కింద ఫొటో దిగి తిరగొద్దు, నడుమ నిలబడితేనే గుడి ఎంత పెద్దదో తెలుస్తుంది. దగ్గర్లోనే ఖుష్ మహల్, గోడలు లోపలికి వాలి ఉంటాయి.

రామప్ప గుడిని అదే రోజు ఇరికించకు. పాలంపేట పోయి రావడానికే సగం రోజు కావాలి.

తిరుగు బండి వరంగల్ నుంచి తీసుకో. కోటకు అదే దగ్గర, మళ్లీ హన్మకొండ రద్దీలో పడే పనుండదు. విజయవాడ వైపు నుంచి వచ్చే బండే అయ్యుండాలి.

మీ మామ