కళాశాల ప్రాంగణంలో ప్రకృతి వైపరీత్యాల ముప్పు తగ్గించే ప్రణాళికను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీ కళాశాలలో ప్రకృతి వైపరీత్యాల ముప్పును తగ్గించే ప్రణాళిక రాయడానికి కమిటీ వేశారనీ, ఇప్పటికి తయారైన ముసాయిదాలో వైపరీత్యాల జాబితా, అత్యవసర ఫోన్ నంబర్లు, డ్రిల్లు జరపవలసిన తేదీలు ఉన్నాయనీ రాశారు, ఇది సరిపోతుందా అని అడిగారు. నా అభిప్రాయంలో సరిపోదు. మీరు రాసినవన్నీ అవసరమైనవే, కానీ అవి ఆపద వచ్చిన గంటలో ఎవరు ఏం చేయాలో మాత్రమే చెబుతాయి. ఆపద వచ్చినప్పుడు జరగబోయే నష్టాన్ని ఇప్పుడే తగ్గించి పెట్టుకోవడం వేరే పని, దానికి అడగవలసిన ప్రశ్నలు కూడా వేరు.

ప్రయోగశాలల నిర్వహణ చూసే అధ్యాపకుల్లో ఒకరిగా నేను ఇలాంటి కమిటీలో కొన్నేళ్లపాటు పనిచేశాను. మా చర్చలు చాలాకాలం "మనకు ఏ వైపరీత్యం రావచ్చు?" అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. "ఈ ప్రాంగణంలో ఏది పోతే ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు, అది ఇప్పుడు ఏ గదిలో, నేలకు ఎంత ఎత్తులో ఉంది?" అని అడగడం మొదలుపెట్టాకనే పని ముందుకు సాగింది.

ఎత్తు సంగతి ఎందుకు అడగాలో చెప్పడానికి రెండు ఘటనలు చాలు. 1997 జూలై 28న అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ నగరంలో కుంభవృష్టి కురిసినప్పుడు, కొలరాడో స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయపు నేలమాళిగ గోడ బద్దలై వరద నీరు లోపలికి చొరబడింది. అక్కడున్న నాలుగు లక్షలకు పైగా సంపుటాలు నీట మునిగాయి. అదే రాత్రి విద్యార్థి కేంద్రం నేలమాళిగలో ఉన్న పుస్తకాల దుకాణం కూడా మునగడంతో, రాబోయే సెమిస్టరు కోసం తెప్పించిన పాఠ్యపుస్తకాలు పోయాయి. 2001 జూన్‌లో ఆలిసన్ తుఫాను అమెరికాలోని హ్యూస్టన్‌ను ముంచెత్తినప్పుడు అక్కడి వైద్య కళాశాలల నేలమాళిగల్లో ఉన్న ప్రయోగ జంతువులు వేల సంఖ్యలో చనిపోయాయి, పరిశోధకులు ఏళ్ల తరబడి కూడబెట్టిన నమూనాలు కరెంటు లేక పాడైపోయాయి. ఆ ప్రాంగణంలోని కొన్ని భవనాల్లో జనరేటర్లు వరదకు అందనంత ఎత్తులోనే ఉన్నాయి. వాటి నుంచి వచ్చే కరెంటును పంచే స్విచ్‌గేర్ మాత్రం కింద ఉండిపోయింది. జనరేటరును పైకి ఎక్కించామని నిశ్చింతగా ఉన్న ప్రతి కళాశాలా ఈ ఒక్క వివరాన్ని తన భవనాల్లో వెతికి చూసుకోవాలని నేను గట్టిగా కోరతాను.

కాబట్టి ముసాయిదాను కొంతకాలం పక్కన పెట్టి, భవనాలన్నీ తిరిగి చూడండి. వెళ్లేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను, ప్లంబర్‌ను, రాత్రి కాపలా ఉండేవారిని, గదులు ఊడ్చేవారిని తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. డ్రాయింగులు భవనం ఎలా కట్టారో చెబుతాయి, వర్షం పడినప్పుడు ఆ భవనంలో ఏం జరుగుతుందో మాత్రం వీరికే తెలుసు. మా ప్రాంగణంలో నేలమాళిగలో చేరిన నీటిని తోడే పంపుకు కరెంటు అదే నేలమాళిగలోని బోర్డు నుంచి వచ్చేది. అది డ్రాయింగుల్లో అందరి కళ్ల ముందూ ఉన్నా, నీరు ఆ బోర్డును తాకిన క్షణం నుంచి పంపు ఉన్నా లేనట్టేనని తేల్చి చెప్పింది ఎలక్ట్రీషియనే. బోర్డును పై అంతస్తుకు మార్చడం పెద్ద ఖర్చు కాలేదు. ఏ తలుపు దగ్గర నీరు మొదట కనబడుతుందో, ఏ కాలువ ఆకులతో పూడుకుపోతుందో, ఏ మెట్ల దారికి అడ్డంగా బీరువాలు చేరాయో కూడా మాకు ఇలాంటి వారే చూపించారు. నా దృష్టిలో ఇలాంటి వారు కమిటీలో పూర్తి సభ్యులుగానే ఉండాలి, ఎప్పుడో ఒకసారి పిలిచి అడిగితే సరిపోదు.

తిరిగేటప్పుడు ప్రతి విభాగంలోనూ ఒక ప్రశ్న అడగండి: ఈ గదికి ఒక పగలు కరెంటు లేకపోతే ఏం పోతుంది, మూడు రోజులు లేకపోతే ఏం పోతుంది? నమూనాలు భద్రపరిచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు ఉన్న జీవశాస్త్ర విభాగం చెప్పే జవాబు, తరగతి గదులు మాత్రమే ఉన్న విభాగం చెప్పే జవాబు పూర్తిగా వేరుగా ఉంటాయి. జనరేటరు శక్తి పరిమితం గనుక దాన్ని ముందుగా ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఈ జవాబుల నుంచే రావాలి. పరిపాలనా భవనానికి అలవాటుగా దక్కే ప్రాధాన్యాన్ని ఈ సందర్భంలో పునఃపరిశీలించక తప్పదు.

ఏ వైపరీత్యానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడకండి. "ఇక్కడ ఎప్పుడూ వరద రాలేదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఏ సంవత్సరమైనా ఒక శాతం అవకాశం ఉన్న వరదను వందేళ్ల వరద అని పిలవడం వల్ల, అది వందేళ్లకోసారే వస్తుందన్న భ్రమ కలుగుతుంది. లెక్క వేసి చూస్తే, అలాంటి వరద 30 ఏళ్లలో కనీసం ఒకసారి రావడానికి 26 శాతం, 50 ఏళ్లలో రావడానికి దాదాపు 40 శాతం అవకాశం ఉంటుంది. కళాశాల భవనాన్ని 50 ఏళ్లు వాడుకోవాలనే కదా కట్టేది! భూకంపాల విషయంలో కూడా ఇంజనీర్లు తరచూ వాడే ప్రమాణం 50 ఏళ్లలో పది శాతం అవకాశం ఉన్న కంపనం, అంటే సగటున 475 ఏళ్లకోసారి వచ్చేది. ఒక మనిషి ఉద్యోగ జీవితంలో కనబడలేదు గనుక లేదనుకోవడానికి వీలు లేదు.

భూకంపం ముప్పు ఉన్న చోట భవనాల పటుత్వాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరు చేతనే పరీక్షింపజేయాలి. కొత్త భవనమైతే భయం లేదని ముందుగానే తేల్చేయకండి. 1994 జనవరి 17న అమెరికాలో 6.7 తీవ్రతతో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపంలో, అక్కడి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణంలో కట్టి కొన్నేళ్లయినా కాని బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం కూలిపోయింది, విజ్ఞానశాస్త్ర విభాగాల భవనాల్లో మంటలు లేచాయి. అది సెలవు రోజున తెల్లవారుజామున నాలుగున్నరకు రావడం వల్లనే ప్రాంగణం దాదాపు నిర్మానుష్యంగా ఉంది. మధ్యాహ్నం ప్రయోగశాలలు నిండి ఉన్న వేళ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుని, మీ ప్రయోగశాలలను ఆ దృష్టితో చూడండి.

గోడలను, స్తంభాలను బలపరచడానికి నిధులు, సంవత్సరాలు కావాలి. గదుల లోపల ఉన్నవాటిని బిగించడానికి అంత అవసరం లేదు, మా అనుభవంలో పెట్టిన ఖర్చుకు అత్యధిక ఫలితం ఇచ్చినది ఇదే. మనిషికన్నా ఎత్తైన ప్రతి బీరువానూ, పుస్తకాల అరనూ గోడకు గట్టిగా బిగించాలి. గ్యాస్ సిలిండర్లను పైన ఒకచోట, కింద ఒకచోట గొలుసులతో కట్టాలి. నడుముకు ఒకటే గొలుసు ఉంటే సిలిండరు దాని కిందినుంచి జారిపోవచ్చు. రసాయనాలు ఉంచే అరల అంచుకు చిన్న అడ్డుపట్టీ ఉండాలి, గాజు సీసాలు కింది అరల్లో ఉండాలి, కలిస్తే మండేవి లేదా విషవాయువు పుట్టించేవి ఒకే అరలో ఉండకూడదు. అక్షర క్రమంలో సర్దిన అరలు చూడటానికి చక్కగా ఉంటాయి కానీ, ఆ క్రమంలో ఏ సీసా పక్కన ఏది చేరుతుందో ఒక్కసారి పరిశీలిస్తే దాన్ని ఎందుకు మార్చమంటున్నానో మీకే తెలుస్తుంది. ప్రతి గదిలోనూ మరొక ప్రశ్న అడగండి: ఈ బీరువా పడితే తలుపు తెరుచుకుంటుందా? మా దగ్గర చాలా గదుల్లో దీనికి జవాబు "లేదు" అని వచ్చింది, వాటిని జరపడానికి పైసా ఖర్చు కాలేదు.

గాలి ముప్పు విషయంలో గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, గాలి ఒత్తిడి దాని వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఒత్తిడి రెండుంపావు రెట్లవుతుంది. ఒక కిటికీయో పెద్ద తలుపో పగిలితే గాలి లోపల చేరి కప్పును కిందినుంచి ఎత్తుతుంది, ఆ తర్వాత పడే వాన లోపలి సామగ్రిని పాడుచేస్తుంది. పైకప్పు మీద వదులుగా ఉన్న రేకులు, ట్యాంకులు, సౌర ఫలకాల బిగింపులు, భవనాలపైకి వాలిన కొమ్మలు ఏటా చూసుకోవలసినవి. పిడుగుల విషయంలో ఆటస్థలానికి ఒక నియమం చాలు: చివరి ఉరుము వినబడిన 30 నిమిషాల వరకు ఎవరూ మైదానంలోకి తిరిగి వెళ్లకూడదు.

భవనాలు దెబ్బతిన్నా, వాటికి ఏమీ కాకపోయినా చదువు ఆగిపోవచ్చు. నార్త్‌రిడ్జ్‌లో సుమారు నాలుగు వారాల తర్వాత తరగతులు తాత్కాలిక ట్రెయిలర్లలో మొదలయ్యాయి. 2011 ఫిబ్రవరి భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం గుడారాల్లో పాఠాలు చెప్పింది. మార్కుల జాబితాలు, అడ్మిషన్ల వివరాలు, పరిశోధనల డేటా వేరే ఊళ్లో ఉన్న సర్వరులో కూడా ఉండాలి, ఏడాదికొకసారైనా వాటిని తిరిగి తెరిచి చూడాలి. పరీక్షల మధ్యలో ప్రాంగణం మూతపడితే మూల్యాంకనం ఎలా జరగాలో అకడమిక్ కౌన్సిల్ చేత ముందే ఆమోదింపజేసుకోండి, ఎందుకంటే ఆ సమయంలో కౌన్సిల్‌ను సమావేశపరచడం సాధ్యం కాకపోవచ్చు.

ఇక మనుషుల విషయం. ప్రణాళికలు ఎక్కువగా పనిదినం పగటివేళను ఊహించుకుని రాస్తారు, కానీ హాస్టళ్లలో రాత్రివేళా, సెలవుల్లో కూడా విద్యార్థులు ఉంటారు. అప్పుడు వార్డెన్ ఊళ్లో లేకపోతే తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? చక్రాల కుర్చీ వాడే విద్యార్థిని పై అంతస్తు నుంచి లిఫ్టు పనిచేయని సమయంలో ఎవరు, ఏ పరికరంతో దించుతారు? ఉరుము శబ్దం, సైరను వినబడని విద్యార్థికి హెచ్చరిక ఎలా అందుతుంది? ఈ ప్రశ్నలకు జవాబులను ఆ విద్యార్థులతోనే కూర్చుని రాయండి. వారి తరఫున మనం ఊహించి రాసేవి చాలాసార్లు ఆచరణలో పనికిరావని నేను స్వయంగా చూశాను.

నిధుల దగ్గరికి వచ్చేసరికి యాజమాన్యానికి చూపడానికి ఒక అంకె తరచూ వాడతారు: అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిల్డింగ్ సైన్సెస్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫెడరల్ గ్రాంట్లతో చేసిన ముప్పు తగ్గింపు పనుల్లో ప్రతి డాలరుకు ఆరు డాలర్ల నష్టం తప్పింది. అది ఒక దేశపు సగటు మాత్రమే గనుక మీ కళాశాలకు అదే ఫలితం వస్తుందని మాట ఇవ్వకండి. దానికన్నా, ఇప్పటికే మంజూరైన మరమ్మతులకు ఈ పనులను జతచేయడం మేలు. పైకప్పు మళ్లీ వేస్తున్నప్పుడే దాన్ని గోడలకు బలంగా బిగించవచ్చు, వైరింగు మారుస్తున్నప్పుడే బోర్డులను పైకి తేవచ్చు, గ్రంథాలయం సర్దుతున్నప్పుడే అరుదైన సంపుటాలను కింది అంతస్తు నుంచి తరలించవచ్చు.

ప్రతి పని ఎదురుగా బాధ్యుల పేరు కాకుండా పదవి రాయండి, గడువు తేదీ వేయండి. ఇప్పుడు చేయలేమని తేలిన పనులను కొట్టివేయకుండా, కారణంతో సహా వేరే పట్టికలో ఉంచి దాని మీద ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. ఆ భవనానికి ఏ మరమ్మతు మంజూరైనా ముందుగా ఆ పట్టికను తెరవాలన్న నియమాన్ని ప్రణాళికలోనే రాసిపెట్టండి.