అమెరికాలో పాత ఇళ్ల పైకప్పు షింగిల్స్‌ను (తారు పట్టించిన కప్పు పలకల్ని) తారురోడ్లలో కలుపుతారట. విశాఖలో ఎందుకు చేయరు?

కలుపుతారు, నిజమే. కానీ వాళ్ల కప్పు వేరు, మన కప్పు వేరు. ఆ తేడా తెలియక ఏం జరగబోయిందో చెప్తాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అప్పుడు నేను అనకాపల్లి వైపు, రోడ్లకు తారు, కంకర చిప్స్ వేడిచేసి కలిపే ఒక హాట్ మిక్స్ ప్లాంటులో సూపర్‌వైజర్‌ని. ఊళ్లో ఏ వీధి చూసినా పగిలిన రేకులే. రెండు వారాలకు ఒకరోజు పొద్దున్నే ప్లాంటు గేటు దగ్గర ట్రాక్టరు ఆగింది. తొట్టి నిండా రేకు ముక్కలు. తెచ్చినాయన చిన్న సబ్‌కాంట్రాక్టరు. "అమెరికావోళ్లు ఇంటి కప్పులు పిండి చేసి రోడ్లేసేత్తన్నారంట సార్, మా మేనల్లుడు చెప్పాడు. క్రషర్లో ఏసేత్తే తారు కలిసొత్తాది" అన్నాడు. ఈలోగా ఇద్దరు కుర్రాళ్లు ముక్కలు కింద పడేస్తున్నారు. మూతికి గుడ్డ కూడా లేదు. కనుబొమల మీద తెల్లటి దుమ్ము. గట్టిగా అరిచి ఆపించాను. పైపుతో నీళ్లు కొట్టించి, టార్పాలిన్ కప్పించి, సరుకు వెనక్కి పంపేశాను. ఆయన నాతో మళ్లీ మాట్లాడలేదు.

అవి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు. వాటిలో తారు చుక్క కూడా ఉండదు. పొడి చేస్తే లేచే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో చేరి, ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెస్తుంది. అమెరికా షింగిల్ అలా కాదు, దాని బరువులో 20 నుంచి 35 శాతం దాకా తారే. అయినా వాళ్లు ఊరికే కలిపేయరు. మేకులు అయస్కాంతంతో ఏరేస్తారు, పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉందేమో పరీక్ష చేయిస్తారు, సన్నగా నూరి మొత్తం మిక్స్‌లో మామూలుగా 5 శాతం దాకానే వేస్తారు. ఆ తారు గట్టిది, ఎక్కువైతే రోడ్డు పగులుతుంది.

మనకు పాత తారు కావాలంటే ఇంటి మీద కాదు, రోడ్డులోనే ఉంది. పాత పొర గీకితే వచ్చేదంతా తారూ చిప్సే. దాన్ని మళ్లీ వాడే పద్ధతిని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 అనే మార్గదర్శకంగా ఇచ్చింది. మల్కాపురం దగ్గర రిఫైనరీ ఉంది, కొత్త తారు చేతికందుతుంది, అందుకే పాతదాని విలువ ఎవరికీ పట్టదని నా అభిప్రాయం.

కంచరపాలెంలో మా వీధికి నాకు తెలిసి నాలుగుసార్లు రోడ్డు వేశారు. ఒక్కసారీ గీకలేదు, పాతదాని మీదే కొత్త పొర. మా నాన్న ఇంటి ముందు మూడు మెట్లు కట్టించారు. ఇప్పుడు ఒక్కటే కనబడుతుంది. గట్టి వాన పడితే కాలువ నీళ్లు నేరుగా వరండాలోకి వచ్చేస్తాయి. రాత్రి మబ్బు పడితే చాలు, అమ్మ లేచి గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టిస్తుంది. ఆవిడకు 78 ఏళ్లు.

మీ వీధిలో రోడ్డు వేయడానికి వస్తే రోలర్ దిగకముందే ఇంజనీరుగారిని అడగండి: పాతది గీకుతున్నారా? గీకింది ఏ ప్లాంటుకు వెళ్తోంది?